ఆలీచే బెల్లాందీ: 70 నుంచి 78కి

2024 ఆగస్టు 1. పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గర తాత్కాలికంగా కట్టిన షాంప్ ద మార్స్ ఎరీనా. మహిళల జూడో 78 కిలోల ఫైనల్. ఒకవైపు ఇటలీ అమ్మాయి ఆలీచే బెల్లాందీ. ఎదురుగా, అంతకు ముందు ఏడాది దోహాలో ప్రపంచ చాంపియన్ అయిన ఇజ్రాయెల్ క్రీడాకారిణి ఇన్బార్ లానిర్. రెఫరీ లానిర్‌కి మూడో షిడో చూపించడంతో ఆట అక్కడే ఆగిపోయింది. షిడో అంటే తప్పుకి వేసే శిక్ష. మూడు పడితే ఆ బౌట్ ఓడినట్టే. బంగారం బెల్లాందీది.

జూడో కొత్తగా చూసేవాళ్ళకి ఇలాంటి ముగింపు చప్పగా ఉంటుంది. గాల్లోకి లేపి వీపు మీద పడేస్తేనే గెలుపని మనసులో ఉంటుంది కాబట్టి. కానీ ఈ బరువులో ఎదుటి మనిషికి మూడు షిడోలు పడేలా చేయడమంటే పట్టు మొత్తం మన చేతిలో ఉందని అర్థం. ఎదుటివాళ్ళకి దాడి చేసే చోటు దొరకదు, వెనక్కి తగ్గుతారు, చేతులు బిగదీస్తారు, గీత దాటతారు. బెల్లాందీ ఆ స్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే టాటామి, అంటే జూడో ఆడే చాప కంటే ముందు కాటా దగ్గరికి వెళ్ళాలి. ఆమె కెరీర్ మలుపు తిరిగింది బరువు తూచే కాటా మీదే.

పేరు పలకడం గురించి ఒక మాట. ఇంగ్లిష్ వాళ్ళు ఆలిస్ అంటారు గానీ ఇటలీలో అది ఆలీచే. 1998 నవంబర్ 28న బ్రెషియాలో పుట్టింది. ఉత్తర ఇటలీలో, మిలాన్‌కి తూర్పున ఉన్న ఊరది. జూనియర్‌గా ఆడింది 70 కిలోల విభాగంలో. 2018లో బహామాస్ రాజధాని నాసౌలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆ బరువులోనే బంగారం గెలిచింది. అప్పటికి ఆమెకి ఇంకా ఇరవై నిండలేదు. అక్కడి నుంచి సీనియర్ జట్టుకి, తర్వాత టోక్యోకి.

ఇటలీలో ఈ స్థాయికి వచ్చిన జూడో వాళ్ళలో ఎక్కువమంది యూనిఫామ్ ఉద్యోగాల్లో ఉంటారు. పోలీసులకి, సైన్యానికి, సైనిక పోలీసులైన కారబినియెరి దళానికి, ఆర్థిక నేరాలు చూసే గ్వార్దియా ది ఫినాన్జాకి విడివిడిగా క్రీడా జట్లున్నాయి. బెల్లాందీది ఈ చివరి దళం జట్టే. దాని పేరు ఫియామ్మే జాల్లే, అంటే పసుపు జ్వాలలు. మన రైల్వేలో, పోలీసుల్లో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లాంటివే అనుకోండి. నెల జీతం వస్తుంది, పని మాత్రం సాధన. జాతీయ జట్టు క్యాంపులు రోమ్ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న ఓస్తియాలో, ఫెడరేషన్ సొంత కేంద్రంలో జరుగుతాయి. ఈ ఏర్పాటు లేకపోతే ఒక అమ్మాయి బరువు విభాగం మార్చుకుని రెండు మూడేళ్ళు ఓపిక పట్టి మళ్ళీ పైకి రావడం దాదాపు కుదరని పని. డబ్బులు మధ్యలోనే అయిపోతాయి.

ఇక కాటా సంగతి.

అంతర్జాతీయ జూడోలో తూకం పోటీకి ముందు రోజు సాయంత్రం. అసలు తూకానికి ఇచ్చే సమయం అరగంట. 70 కిలోల విభాగంలో 70.0 చూపిస్తే లోపలికి, 70.1 చూపిస్తే ఇంటికి. మర్నాడు ఉదయం, బౌట్లు మొదలయ్యే ముందు, ఒక్కో విభాగంలో కొందరిని చీటీ తీసినట్టు ఎంచి మళ్ళీ తూస్తారు. అప్పుడు జూడో దుస్తులు లేకుండా పరిమితికి 5 శాతం మించకూడదు. 70 కిలోల వాళ్ళకి అది 73.5. 78 కిలోల వాళ్ళకి 81.9. రాత్రికి రాత్రి ఏడెనిమిది కిలోలు తాగి, తిని రావడం ఆపడానికే ఈ నియమం పెట్టారు.

మామూలుగా 75 కిలోలుండే ఒక అమ్మాయి 70లో ఆడాలనుకుంటే ఏం చేస్తుంది? పద్ధతిగా చేసేవాళ్ళు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మొదలుపెడతారు. వారానికి అరకిలో చొప్పున కొవ్వు తగ్గించుకుంటూ వస్తే మూడు కిలోలు పోతాయి. చివరి వారంలో పీచు పదార్థాలు, ఉప్పు, పిండిపదార్థాలు తగ్గిస్తారు. కండరాల్లో నిలవుండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖాళీ అయితే నీరూ పోతుంది, కాటా ముల్లు దిగుతుంది. ఆఖరి ఇరవై నాలుగు గంటల్లో నీళ్ళు ఆపి, చెమట పట్టించి ఒకటిన్నర రెండు కిలోలు దించుతారు. కాగితం మీద చూస్తే లెక్క సరిపోతుంది.

లెక్క తప్పేది మర్నాడు. తూకం నుంచి మొదటి బౌట్‌కి పన్నెండు పద్నాలుగు గంటల సమయం ఉంటుంది. ఆ లోపు ఉప్పు కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా, అన్నమో పాస్తానో రెండు మూడు విడతలుగా తింటే రక్తంలో నీరు చాలావరకు సర్దుకుంటుంది. కానీ కండరాల్లో గ్లైకోజెన్ పూర్తిగా నిండడానికి ఒక రాత్రి చాలదు. మొదటి బౌట్ బాగానే పోతుంది. రెండోది కూడా పోతుంది. మూడో బౌట్‌లో ముంజేతులు రాళ్ళవుతాయి, వేళ్ళు మూసుకోవు. జూడోలో వేళ్ళు మూసుకోకపోతే పట్టు లేదు, పట్టు లేకపోతే ఏ టెక్నిక్కూ లేదు. ఎదుటి మనిషి చేతి గుడ్డని పట్టుకుని లాగే చెయ్యిని జపాన్ మాటలో హికితే అంటారు. బరువు దించుకున్న మనిషిలో ముందు చచ్చుబడేది అదే. ఒలింపిక్స్‌లో బంగారం దాకా పోవాలంటే ఒక్క రోజులో నాలుగైదు బౌట్లు ఆడాలి, సమం అయి గోల్డెన్ స్కోర్‌కి, అంటే అదనపు సమయానికి పోతే దానికి హద్దే లేదు. అంటే బరువు దించినందుకు కట్టాల్సిన మూల్యం సరిగ్గా పతకాల బౌట్ల దగ్గర కట్టాలి.

ఇంకో చిక్కుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు సరిపోయిన బరువు ఇరవై రెండేళ్ళకి సరిపోదు. సాధనతో తొడలు, వీపు గట్టిపడతాయి, ఎముకలు బరువెక్కుతాయి. జూనియర్‌గా 70లో గెలిచిన అమ్మాయి సీనియర్‌గా అదే 70ని పట్టుకుని వేలాడితే ఏడాదికేడాది ఎక్కువ కిలోలు దించాల్సి వస్తుంది. కోచ్‌లు కూడా "గెలిచిన బరువు కదా, ఎందుకు వదలడం" అనేస్తారు. ఇది ఇటలీ ఒక్కదాని జబ్బు కాదు. మన దగ్గర జిల్లా పోటీలకి పిల్లల్ని తీసుకొచ్చే కోచ్‌లలో కూడా పద్నాలుగేళ్ళ పిల్లకి అన్నం మాన్పించి కింది విభాగంలో దింపేవాళ్ళున్నారు. ఎదిగే ఒంటికి అది నేరుగా దెబ్బ. ఆ వయసులో బరువు దించే పనే పెట్టుకోకూడదు.

టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021 జూలైలో, బెల్లాందీ 70 కిలోలలో ఆడింది. పతకం రాలేదు. ఆ జట్టు నుంచి 52 కిలోలలో ఒదెత్తే జుఫ్రీదా, 63 కిలోలలో మారియా చెంట్రాక్కియో కాంస్యాలు తెచ్చారు. బెల్లాందీ మాత్రం ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఆ కాలంలో తను బులీమియాతో, కుంగుబాటుతో పోరాడానని ఆమే తర్వాత బయటికి చెప్పింది. బులీమియా అంటే ఆపుకోలేనట్టు తినేయడం, ఆ వెంటనే దాన్ని వాంతితోనో ఇంకో రకంగానో వదిలించుకోవడం. బరువు విభాగాలుండే ఆటల్లో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం వెతకక్కర్లేదు. నెలల తరబడి కడుపు మాడ్చుకుని, తూకం అయిన రాత్రి మాత్రం "తిను, తిను" అని వెంటపడే ఆట ఇది. చాలామంది చాంపియన్లు నోరు విప్పని సంగతి ఆమె తన పేరుతో చెప్పింది. ఆమె పతకాలతో పాటు ఇది కూడా లెక్కలోకి రావాలి.

టోక్యో తర్వాత 78కి మారింది.

70, 78 మధ్య ఎనిమిది కిలోల తేడా. వినడానికి చిన్నది. మామూలు బరువు 75, 76 ఉండే అమ్మాయి ఎంచక్కా భోంచేసి కాటా ఎక్కొచ్చు, అది లాభం. నష్టమేంటంటే, 78లో ఎదురయ్యేవాళ్ళలో కొందరు మామూలుగా 82 ఉండి దిగినవాళ్ళు. పొడుగు చేతులు, వెడల్పు భుజాలు. వాళ్ళు మెడ వెనక నుంచి కాలర్ పట్టుకుని తల కిందికి నొక్కుతారు. తల వంగిందంటే నడుం వంగుతుంది, నడుం వంగిందంటే పాదాలు అతుక్కుపోతాయి, దాడి చేయడం కుదరదు. కాసేపు దాడి లేకపోతే షిడో. కింది విభాగం నుంచి వచ్చినవాళ్ళు మొదటి ఏడాది ఓడిపోయేది చాలాసార్లు ఎవరో విసిరేస్తే కాదు, ఇలా మెడ దగ్గర నలిగిపోయి.

రెండో ప్రమాదం ఎదురుదాడి. 70లో సగం తెగిన దాడి చేసినా తప్పించుకోవచ్చు. 78లో సగం తెగిన దాడి చేస్తే పైనున్న మనిషి తన బరువంతా మీద వేసి అదే ఊపులో వెనక్కి పడేస్తుంది. కాబట్టి దాడుల సంఖ్య తగ్గించుకోవాలి, చేసిన ప్రతి దాడీ చివరిదాకా తీసుకెళ్ళాలి. అలవాటైన లయని విప్పేసి మళ్ళీ అల్లుకోవడమే ఇది. నెలల్లో అయ్యేది కాదు.

సాధనలో మారేవి ఇవి: జూడో కోటుని ఇనుప కడ్డీ మీద వేసి, దాని చేతుల్ని పట్టుకుని పుల్-అప్స్. కడ్డీని పట్టుకుంటే వచ్చే బలం వేరు, గుడ్డని పట్టుకుంటే వచ్చే బలం వేరు, ముంజేతికి కావాల్సింది రెండోది. తాడు ఎక్కడం, కాళ్ళ సాయం లేకుండా. ఉచికోమి, అంటే విసరకుండా లోపలికి దూరే వరకు చేసే సాధన, తనకంటే పది కిలోలు ఎక్కువున్న జోడీతో. తర్వాత ర్యాండోరి, అంటే నిజం ఆటలాంటి సాధన బౌట్లు, నాలుగైదు నిమిషాలవి ఎనిమిదో పదో వరసగా. నేల మీద ఆట కూడా పెంచుకోవాలి, ఎందుకంటే బరువైన మనిషి కింద ఇరుక్కుంటే బయటపడడం కష్టం. పారిస్ నాటి నియమాల్లో పది సెకన్లు వీపు నేలకి అదిమి ఉంచితే వజా-అరి, అంటే సగం స్కోరు, ఇరవై సెకన్లు ఉంచితే ఇప్పన్, అంటే పూర్తి స్కోరు, ఆట ముగింపు. ఇదంతా చేస్తూనే కండ పెరగాలి, వేగం పోకూడదు. తొందరపడి ఆరు నెలల్లో అయిదు కిలోలు పెంచుకున్నవాళ్ళు సాధారణంగా వేగం పోగొట్టుకుని, 70 నుంచి తెచ్చుకున్న ఒక్క ఆయుధాన్నీ పారేసుకుంటారు.

పై విభాగానికి వెళ్ళి గెలిచిన ఇటలీ అమ్మాయి బెల్లాందీ ఒక్కతే కాదు. ఆమె పుట్టకముందే ప్రపంచాన్ని ఏలిన ఎమాన్యుయేలా పియెరాంతోజ్జీ ఉంది. 1968లో బొలోన్యాలో పుట్టింది. 1989లో బెల్‌గ్రేడ్‌లో, 1991లో బార్సిలోనాలో, రెండుసార్లు 66 కిలోల ప్రపంచ చాంపియన్. మహిళల జూడో ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా చేరింది 1992 బార్సిలోనాలో. అక్కడ ఫైనల్‌కి వెళ్ళి క్యూబా అమ్మాయి ఒదాలిస్ రెవే చేతిలో ఓడి రజతం తీసుకుంది. ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. 1998 నుంచి అంతర్జాతీయ సమాఖ్య బరువు విభాగాల్ని మార్చేసింది. 56, 61, 66, 72 పోయి 57, 63, 70, 78 వచ్చాయి. ఆమె ఆడిన 66 అనే విభాగమే లేకుండా పోయింది.

కిందికి వెళ్తే 63, పైకి వెళ్తే 70. ఒలింపిక్స్‌లో ఒక్కో బరువుకి దేశానికి ఒక్కరే. 70లో ఇలేనియా స్కాపిన్ ఉంది, 1996 అట్లాంటాలో పాత 72 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన మనిషి. పియెరాంతోజ్జీ 78లో దిగింది. 66లో రజతం గెలిచిన ఎనిమిదేళ్ళకి, ముప్పై రెండేళ్ళ వయసులో, 2000 సిడ్నీలో 78 కిలోల కాంస్యం గెలిచింది. అదే సిడ్నీలో స్కాపిన్ 70లో కాంస్యం తెచ్చింది. 66 నుంచి 78 అంటే పన్నెండు కిలోలు. బరువు తగ్గడం గురించే మాట్లాడే ఈ ఆటలో ఆ కాంస్యానికి రావాల్సినంత పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం. ఇటలీ మహిళల జూడోలో ఒకే ఒక్క పతకాన్ని ఎంచమంటే నేను దాన్నే ఎంచుతాను, బంగారాల్ని పక్కన పెట్టి మరీ.

బెల్లాందీ దగ్గరికి మళ్ళీ వద్దాం. పారిస్‌కి రెండు నెలల ముందు, 2024 మేలో, అబుదాబి ప్రపంచ పోటీల్లో ఫైనల్‌కి వెళ్ళి జర్మనీ అమ్మాయి ఆన్నా-మరియా వాగ్నర్ చేతిలో ఓడింది. రజతం. ఒలింపిక్స్ ముంగిట ఆ ఓటమి ఎవరినైనా కుదిపేస్తుంది. కానీ ఇక్కడ బరువు మార్పు చేసిన మేలు చూడండి. మేలో ప్రపంచ పోటీలు, ఆగస్టులో ఒలింపిక్స్. 70లోనే ఉండి ఉంటే మధ్యలో ఉన్న రెండు నెలలూ బరువు దించుకోవడానికే సరిపోయేవి. కడుపు నిండా తిని సాధన చేసేవాళ్ళకి ఆ రెండు నెలలూ సాధనకే మిగులుతాయి.

పారిస్ సెమీఫైనల్‌లో పోర్చుగల్ క్రీడాకారిణి పత్రీసియా సంపాయోని ఓడించింది. సంపాయో తర్వాత కాంస్యం గెలిచింది. రెండో కాంస్యం చైనా అమ్మాయి మా జెన్‌జావోది. ఇక ఫైనల్ లానిర్‌తో.

షిడో ఎలా పడుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. బౌట్ నాలుగు నిమిషాలు. రెఫరీ "హజిమే" (మొదలుపెట్టండి) అనగానే ఇద్దరి చేతులూ ముందుకొస్తాయి. ఒకరు ఎదుటి మనిషి చేతి గుడ్డ చివరని పట్టుకుని కిందికి లాగేస్తారు. రెండో చేత్తో కాలర్ అందుకుంటారు. గుడ్డ చిక్కిన మనిషి చెయ్యి ఇక కాలర్ దాకా రాదు, ఉత్తినే ఊగుతూ ఉంటుంది. ఆ చెయ్యిని విడిపించుకోవాలంటే వెనక్కి గుంజాలి. గుంజితే ఒంటి బరువు మడమల మీదికి పోతుంది, అప్పుడే కాలు అడ్డుపడుతుంది. గుంజకుండా బిగదీసి నిలబడితే అడ్డుకుంటున్నందుకు షిడో. విడిపించుకుని దూరంగా తిరిగితే పట్టు తప్పించుకుంటున్నందుకు షిడో. దిక్కుతోచక మోకాళ్ళ మీద పడి దాడి చేసినట్టు నటిస్తే దొంగ దాడికి షిడో. హద్దు గీత బయట అడుగు పెడితే అదీ షిడోనే. అంటే ఒక్క హికితే పట్టు నాలుగు దారుల్నీ మూసేస్తుంది. వీడియో చూసేటప్పుడు కాళ్ళని వదిలేసి, ప్రతి "హజిమే" తర్వాత మొదటి పది సెకన్లు చేతుల్నే చూడండి. ముందుగా గుడ్డ ఎవరికి చిక్కుతోందో లెక్కపెడితే, రెఫరీ చెయ్యి ఎటు లేస్తుందో చాలాసార్లు మనకే ముందు తెలిసిపోతుంది. 78 దాకా వచ్చిన మనిషి రోజులో ఆఖరి బౌట్‌లో కూడా ఆ పట్టు వదలకుండా ఉండాలంటే ముంజేతిలో బలం మిగిలి ఉండాలి. ముందు రాత్రి నీళ్ళు మానేసిన ముంజేతిలో అది మిగలదు.

ఆ బంగారానికి ఇటలీ ఒలింపిక్ కమిటీ ఇచ్చిన బహుమతి 1,80,000 యూరోలు.

2025కి నియమాలు మళ్ళీ మారాయి. యూకో అనే చిన్న స్కోరు తిరిగొచ్చింది. నేల మీద అయిదు సెకన్లు అదిమినా ఇప్పుడు అది పడుతుంది. ఎదుటి మనిషిని ఒంటి పక్కభాగం మీద పడేసినా పడుతుంది, అంటే వజా-అరికి సరిపోని విసురుకి కూడా ఏదో ఒకటి చేతికొస్తుంది. షిడోల మీద ఆధారపడి గెలిచేవాళ్ళకి ఇది ఇబ్బంది, ఎందుకంటే ఎదుటి మనిషి చిన్న స్కోరు కొట్టి ముందుకెళ్ళిపోవచ్చు. పారిస్‌లో అలా గెలిచింది కాబట్టి బెల్లాందీ కొత్త నియమాల్లో నిలబడుతుందా అన్నది సరైన ప్రశ్నే. జూన్‌లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో జవాబు దొరికింది. ఫైనల్‌లో జర్మనీకే చెందిన ఆన్నా మోంతా ఓలెక్‌ని ఓడించి 78 కిలోల ప్రపంచ చాంపియన్ అయింది. ఆ పోటీల్లోనే 48 కిలోల బంగారం కూడా ఇటలీకే వచ్చింది, అస్సుంతా స్కుత్తో గెలిచింది.

ఇటలీకి జూడోలో ఒలింపిక్ బంగారాలు తెచ్చినవాళ్ళు పారిస్‌తో కలిపి అయిదుగురు. 1980 మాస్కోలో ఎత్సియో గాంబా, 2000 సిడ్నీలో పీనో మద్దలోనీ, 2008 బీజింగ్‌లో 57 కిలోల జూలియా క్వింతవాల్లే, 2016 రియోలో ఫాబియో బాజీలే, 2024లో బెల్లాందీ. మొదటి నలుగురిలో ఒక్కరికీ ప్రపంచ టైటిల్ లేదు. రెండు ప్రపంచ టైటిళ్ళున్న పియెరాంతోజ్జీకి ఒలింపిక్ బంగారం లేదు. రెండూ ఉన్నది బెల్లాందీకే, ఆ రెండూ 78లో వచ్చినవే.